చెల్లని బొటనవేలు

సొంబారిని మీరు చంపారు.

గోడ చంపిందని కాగితాల్లో రాసుకున్నారు. వాన చంపిందని పైదొరకు చెప్పుకున్నారు. చదువురాని తాపీవాడు చంపాడని ఠాణాలో తేల్చారు. అన్నీ అబద్ధాలే. రోడ్ల ఆఫీసులో పంఖా కింద కూర్చుని, ఫలానావాడే రాయి మీద రాయి పెట్టాలి, ఫలానావాడు పెట్టకూడదు అని నియమాలు అల్లిన పెద్దమనుషుల్లారా, మీరు చంపారు. ఆ నియమాన్ని చేతిలో పెట్టుకుని తడి గోడను ఆకాశానికి లేపించిన కంట్రాక్టరు చంద్రశేఖరం, నువ్వు చంపావు. దానికి ముద్రలు కొట్టిన గుమాస్తా భావనారాయణా, నువ్వూ చంపావు. మీ పేర్లు అందరికీ తెలిసేలా రాస్తున్నాను. చేతనైతే కాదనండి.

కూలీలారా, తాపీవాళ్ళారా, బడుల్లో కూర్చుని చదువుకునే పిల్లలారా! ఇది ఎలా జరిగిందో వినండి.

రాయగడ నుంచి కొరాపుట్ వెళ్ళే ఘాటీ రోడ్డు మీద మోరీలు ఎవరు కట్టారు? గెడ్డల మీద వంతెనలు ఎవరు కట్టారు? బొబ్బిలి వైపు నుంచి, పార్వతీపురం వైపు నుంచి కొండెక్కి వచ్చిన తాపీ ముఠాలు కట్టాయి. ఇక్కడి కొండ ఊళ్ళ దేశియా ఆడవాళ్ళు రాళ్ళూ సున్నమూ మోశారు. ముఠాకు ముందు నిలబడి ఓవర్సీరుతో పని ఒప్పుకునేవాడు మేస్త్రి. వచ్చింది అందరూ సమానంగా పంచుకోవడం ముఠా పద్ధతి. మేస్త్రికని ఎక్కువ లేదు, తట్ట మోసిన ఆడదానికని తక్కువ లేదు. కకిరిగుమ్మ దగ్గర గుడిసెలు వేసుకున్న లక్ష్మణ మేస్త్రి ముఠా అలాంటిది. అతని అప్ప, అంటే అక్క, సుబ్బులు సున్నం గానుగ దగ్గర ఉండేది. ఆమె నోటికి ఓవర్సీరు కూడా జడిసేవాడు. సొంబారి దేశియా పిల్ల. సున్నం తట్ట నెత్తిన పెట్టుకుని నవ్వుతూ కొండ ఎక్కేది.

రైలు రాయపూరు దాకా వేశాక ఈ సీమకు సరుకు పెరిగింది, బళ్ళు పెరిగాయి, రోడ్ల మీద పని పెరిగింది. పని పెరిగేసరికి దాని మీద కన్ను పడింది. కన్ను పడేసరికి నియమం పుట్టింది.

ఇకమీదట రోడ్ల ఆఫీసు జాబితాలో రిజిస్టరయిన కంట్రాక్టరుకే రాతి పని ఇస్తారట. జాబితాలో లేనివాడు ఒప్పుకున్న పని చెల్లదట. నాసిరకం పని ఆపడానికే ఈ నియమం అన్నారు. ప్రజల మేలుకే అన్నారు. మేలు అన్న మాట వినగానే మనం జేబు తడుముకోవాలి, కానీ ముఠా తడుముకోలేదు. సరే, మనమూ రిజిస్టరవుదాం అనుకుంది. అందరూ కలిసి రాయగడ నడిచి వెళ్ళారు.

భావనారాయణ తలెత్తకుండానే అడిగాడు.

"ఏరా, చదువొచ్చునా?"

"సంతకం ఒచ్చును బాబూ. మిషన్ బడి ఎలీయాజరు మేస్టారు నేర్పేరు," అన్నాడు లక్ష్మణ.

"ఇంగ్లీషు కాగితం చదవగలవా?"

"అదెలగొస్తాది బాబూ?"

"అయితే నీ సంతకం చెల్లదు. చదవలేనివాడు వేలిముద్ర వెయ్యాలి."

లక్ష్మణ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద నొక్కించారు. నల్లటి మచ్చ పడింది. ఇంకోసారి నొక్కించారు. మళ్ళీ మచ్చే.

"గీతలేవిరా?"

"ఏ గీతలు బాబూ? దారం కొట్టి గీసీమంటారా?"

ఆఫీసంతా గొల్లుమంది. లక్ష్మణ వెక్కిరించలేదు. తాపీవాడికి గీత అంటే దారానికి రంగు రాసి గోడ మీద కొట్టేదే. వేలి మీద గీతలుంటాయని, వాటితో సర్కారుకు పని ఉంటుందని అతనికెలా తెలుస్తుంది? సున్నం చేతితో తీసి, చేతితో పామి, చేతితో రాళ్ళ సందుల్లో కూరి, ఆ వేళ్ళు గులకరాళ్ళలా నున్నబడిపోయాయి.

"గీతలు లేని ముద్ర చెల్లదు. తరవాతివాడు!"

ముఠాలో కుర్ర తాపీవాడు సూర్యం వేశాడు. మచ్చ. మిగతావాళ్ళు వేశారు. మచ్చలే. సుబ్బులు ముందుకొచ్చి వేలు చాపింది.

"నువ్వెందుకే? ఆడదానికి కంట్రాక్టేమిటి?"

"సున్నం దగ్గిర ఆడదా మగోడా అని అడగనేదు బాబూ. సిరా దగ్గిర అడుగుతారేటి?"

"అవతలికి నడువు!"

అదే పూట చంద్రశేఖరం వచ్చాడు. తరాలుగా సంస్థానం లెక్కలు చూసిన ఇంటివాడు. తెల్లటి లాల్చీ తొడిగి ఉన్నాడు. తాపీ ఏ వైపు పట్టుకుంటారో అతనికి తెలియదు. ఇంగ్లీషులో సంతకం చేశాడు. "రాతి పనిలో అనుభవజ్ఞుడు" అని ఓవర్సీరు రాసిచ్చాడు. కుర్చీ వేశారు, తాంబూలం ఇచ్చారు. అయిపోయింది, రిజిస్టరు తాపీ కంట్రాక్టరు పుట్టాడు.

చూశారా దీని తిరకాసు? తాపీ పట్టిన చేతికి గీతలుండవు. గీతలున్న చేతికి తాపీ తెలియదు. నియమం రెండూ ఒకే చేతిలో చూపించమంది. అలాంటి చెయ్యి ఈ కొండల్లో లేదని దాన్ని రాసినవాళ్ళకు బాగా తెలుసు.

ముఠా కకిరిగుమ్మ తిరిగొచ్చింది. గానుగ దగ్గర అందరూ కూర్చున్నారు. ఎలీయాజరు కూడా వచ్చాడు. మంచివాడే. అర్జీలంటే ప్రాణం.

"చర్మం మళ్ళీ పుడుతుంది," అన్నాడు. "కొన్నాళ్ళు సున్నం తగలకుండా ఉంటే గీతలు వస్తాయి. దసరా వెళ్ళాక ఇంకోసారి దరఖాస్తులు తీసుకుంటారు. అప్పుడు వేద్దాం."

"అప్పటిదాకా సేతులు ముడుసుకు కూకుంటే తినేదేటి?" అన్నాడు సూర్యం.

"అందరూ ఎందుకు? ఒకడి వేలు చాలు. ముఠా తరఫున ఒకడు రిజిస్టరైతే పని మీదే."

ముఠా ఆలోచించింది. లక్ష్మణ సున్నం ముట్టకూడదని తీర్మానించింది. అతని వాటా అతనికి వస్తుంది, పని తక్కినవాళ్ళు చేస్తారు. లక్ష్మణ సిగ్గుతో చచ్చాడు.

"పన్సేయకుండా తింటే నాకూ ఆ లాల్చీ బాబుకీ తేడా ఏటప్పా?"

"నోరు ముయ్యి. నీ ఏలు నీది కాదు, ముఠాది," అని సుబ్బులు బొటనవేలికి ఆముదం రాసి గుడ్డ చుట్టింది.

ఇక చూడండి వేళాకోళం. సూర్యానికి లక్ష్మణ మావ వరస. "మావ ఏలికి ఉయ్యాల కట్టండర్రా," అనేవాడు సూర్యం. "దిష్టి తగుల్తాది, సుక్క ఎట్టప్పా!" సొంబారి రోజూ తట్ట దించి, గుడ్డ విప్పించి, వేలిని ఎండలో తిప్పి చూసేది. ఆమెకు వచ్చిన తెలుగు మనవాళ్ళ దగ్గర నేర్చినదే. "మాండియా మొలిసినాది మేస్త్రి!" అని కేకేసేది. మాండియా అంటే వాళ్ళ రాగులు. నిజంగానే దుక్కి చేసిన మడిలో పైరు మొలిచినట్టు ఆ వేలి మీద సన్నగా గీతలు పుడుతున్నాయి. ముఠా మొత్తం ఆ గీతల కేసి చూసుకుని బతికింది.

ఈలోగా పని ఎవరిది? చంద్రశేఖరానిది. ఘాటీ మలుపులో కొండచరియ రోడ్డు మీద పడకుండా ఆపే పెద్ద రాతిగోడ అతని పేరున వచ్చింది. కట్టడానికి అతనికి మనుషులెక్కడివి? ముఠాయే. నిన్నటిదాకా తన పని తాను ఒప్పుకున్న ముఠా ఇవాళ అతని కింద రోజు కూలీ. రాయి అదే, సున్నం అదే. మధ్యలో ఒక లాల్చీ చేరింది, దానికి సగం పోయింది.

వానలు వదలడం లేదు. చంద్రశేఖరం బండి దిగి గొడుగు కింద నిలబడ్డాడు.

"పైదొర వస్తున్నాడు. వచ్చేసరికి గోడ పైదాకా లేవాలి."

"బాబూ, కింద వరసలింకా పచ్చిగున్నాయి," అన్నాడు లక్ష్మణ. అతను పని చేయకపోయినా అక్కడే ఉండేవాడు. "ఎనకాల కొండ నీరు ఊరతంది. నీరు పోడానికి కన్నాలొదిలి, సున్నం గట్టిపడ్డాక..."

"కన్నాలు పెడితే గోడ అందంగా ఉండదు. నువ్వు చెప్పడమేమిటి? లైసెన్సు నాదా, నీదా?"

"లైసెన్సు తమదే బాబూ. మెడకాయలు మావి," అంది సుబ్బులు.

"ఈవిడ నోరు అదుపులో పెట్టుకోమను. దసరా తరవాత దరఖాస్తు వేస్తారట కదూ? వెయ్యండి. నా మాట లేకుండా ఆ ఆఫీసులో కాగితం కదులుతుందనుకుంటున్నారా?"

ఆ మాటతో అందరూ ఆగిపోయారు. సూర్యం తాపీ విసిరేయబోయాడు. లక్ష్మణ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు తగువెట్టుకుంటే ముఠా పేరు జాబితాలో జన్మకెక్కదురా. దసరా దాకా ఓర్సుకోండి."

ఓర్చుకున్నారు. రాయి మీద రాయి పెట్టారు. తప్పని తెలిసీ పెట్టారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ముఠా జాబితా బయట ఉన్నందువల్ల మాత్రమే లొంగలేదు. లోపలికి రానిస్తారన్న ఆశ వల్ల లొంగింది. నియమం పుట్టిందే అందుకు. మొఖం మీద తలుపు వేసేస్తే మనిషి తిరగబడతాడు. కొంచెం తీసి ఉంచితే వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడతాడు. అలా నిలబడ్డ ముఠా చేత చంద్రశేఖరం తన గోడ కట్టించుకున్నాడు.

వాన కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం గోడ పొట్ట ఉబ్బింది. "పరిగెట్టండి!" అని సూర్యం అరిచాడు. అందరూ పరిగెత్తారు. సొంబారి గోడ పాదం దగ్గర సున్నం తొట్టిలోంచి తట్ట నింపుకుంటోంది. తల తిప్పి చూసింది. రాళ్ళూ బురదా సున్నమూ కలిసి ఆమె మీదికి వచ్చాయి.

అందరికంటే ముందు లక్ష్మణ దూకాడు. పారలతో తవ్వితే ఆమెకు తగులుతుందని చేతులతో తవ్వాడు. వేలి గుడ్డ ఎక్కడ ఊడిపోయిందో అతను చూసుకోలేదు. సగం ఉడికిన సున్నం అతని చేతుల్ని కాల్చింది, రాళ్ళు చర్మాన్ని చెక్కేశాయి. ముఠా అంతా వచ్చి తవ్వింది. సొంబారి ముఖం కనబడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. లక్ష్మణ తన పంచె తడిపి ఆ కళ్ళలో సున్నం తుడుస్తూనే ఉన్నాడు. పోయిందని ఎవరు చెప్పినా వినలేదు. సుబ్బులు వచ్చి అతని చేతులు పట్టుకుని వెనక్కి లాగింది. ఆ చేతుల మీద అప్పటికి చర్మం లేదు.

మలుపు దాటిన చోట ఆగి ఉన్న బండి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. చంద్రశేఖరం దిగి రాలేదు.

మరునాడు పోలీసులు వచ్చి లక్ష్మణను రాయగడ ఠాణాకు తీసుకుపోయారు. నేరం ఏమిటి? రిజిస్టరు కాని మనిషి సర్కారు గోడ మీద అధికారం చేశాడు, కంట్రాక్టరు మాట కాదని ఇష్టం వచ్చినట్టు కట్టించాడు, అందువల్ల ఒక ఆడది చచ్చింది. ఇలా చంద్రశేఖరం వాంగ్మూలం ఇచ్చాడు. ఓవర్సీరు అవునన్నాడు.

ముఠా వెంట నడిచింది. ముఠా ఒక్కటే కాదు. దారి పొడుగునా మోరీల దగ్గర పని చేస్తున్న ముఠాలు తట్టలు దించి వెనకాల చేరాయి. సొంబారి ఊరి దేశియాలు ఆడా మగా కొండ దిగి వచ్చారు. ఠాణా ముందు జాగా చాల్లేదు.

"గోడ ఎవరు కట్టారు?" ఇనస్పెక్టరు అరుగు మీదికొచ్చి అడిగాడు. "వాడేనా?"

"మేమందరం కట్టేము!" అన్నాడు సూర్యం.

"ఆమే కరిలూ!" అన్నారు దేశియా ఆడవాళ్ళు. మేమే చేశాం అని.

ఎలీయాజరు ముందుకొచ్చాడు. "అయ్యా, మీ కాగితాల ప్రకారం ఆ గోడ కట్టినవారు చంద్రశేఖరం గారు. బిల్లు ఆయన పేరునే ఉంది. ఆయనే కట్టి ఉంటే ఆయన్ని పట్టుకోండి. కాదు, వీళ్ళే కట్టారంటారా, అయితే వీళ్ళే కంట్రాక్టర్లని రాయండి. రెండూ కుదరవు."

"మేస్టారూ, మీరు బడికి పోండి."

లోపల సాక్షిగా పిలిపించిన భావనారాయణ కూర్చుని ఉన్నాడు. తప్పు ఒప్పుకున్నట్టు రాసిన వాంగ్మూలం కింద లక్ష్మణ చేత వేలిముద్ర వేయించాలి. కాలి పుండైన బొటనవేలిని పట్టుకుని సిరా అద్దారు. లక్ష్మణ పళ్ళు బిగబట్టాడు. నొక్కించారు. మచ్చ పడింది. సిరాతో పాటు నెత్తురు అంటింది.

"చాలు," అన్నాడు ఠాణా రాతలు రాసే రైటరు. భావనారాయణ దాని కిందే సాక్షి సంతకం పెట్టాడు.

కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్న సూర్యం బిగ్గరగా నవ్వాడు.

"గుమస్తా బాబూ! గీతలు నేవు! ఆ ముద్ర సెల్లదు!"

భావనారాయణ కలం జారింది.

"సెల్లదు!" అంది సుబ్బులు. "పనివ్వడానికి సెల్లని ఏలు సంకెలెయ్యడానికి సెల్తాదేటి? సిరా మారిందా బాబూ? కాయితం మారిందా?"

"సెల్లదు!" అని వెనక వరస అరిచింది. తెలుగు రాని దేశియాలు కూడా ఆ ఒక్క మాట పట్టుకున్నారు. ఠాణా ముందు నుంచి బజారు దాకా అదే మాట. సెల్లదు! సెల్లదు! ఆఫీసు పుట్టిన నాటి నుంచి మన మీద విసిరిన మాట తిరిగి ఆఫీసు మీదికి పోయింది. ఆ మాటకు సమాధానం లాఠీలతో చెప్పించారు. సుబ్బులు నుదురు పగిలింది. ఎలీయాజరు కళ్ళజోడు బూటు కింద నలిగింది. లక్ష్మణను వెనక వాకిట్లోంచి కొరాపుట్ జైలుకు తరలించారు.

సంత రోజున కకిరిగుమ్మలో సభ పెట్టారు. ఎలీయాజరు మళ్ళీ అర్జీ అన్నాడు. "జాబితా నియమం మంచిదే, అమలు చెడ్డది. వేలిముద్ర తీసేసి మరో గుర్తు పెట్టమని అడుగుదాం."

"మరో గుర్తెట్టి మావనొక్కడినే జాబితాలో ఎక్కిస్తారు," అన్నాడు సూర్యం. "మావ లోపల, మిగతా ముఠాలు బయట. అప్పుడు మావే మన నెత్తి మీద చంద్రశేఖరం అయిపోతాడు. మనకలగే కావాలేటి మేస్టారూ?"

"లేదు," అన్నాడు ఎలీయాజరు. "నేను ఆ సంగతి ఆలోచించలేదు."

సొంబారి తల్లి లేచింది. ఆమె చెప్పింది తక్కువ. తన ఊరివాళ్ళు ఆ రోడ్డు మీద ఇక రాయి మోయరని చెప్పింది. వినగానే తాపీ ముఠాలన్నీ పని ఆపుతామన్నాయి. రాయగడ నుంచి పొట్టంగి దాకా పని ఆగింది, పడిపోయిన గోడ రోడ్డుకు అడ్డంగా పడిపోయినట్టే ఉంది. బళ్ళు ఆగిపోయాయి. సరుకు ఆగిపోయింది. అప్పుడు కదిలింది దొరతనం. సొంబారి చచ్చినప్పుడు కదల్లేదు.

చంద్రశేఖరం కొండ కింది పల్లం నుంచి కొత్త తాపీవాళ్ళను రప్పించాడు. రాయగడ స్టేషన్లో వాళ్ళు రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం నిండా మనవాళ్ళు. నుదుటికి కట్టుతో సుబ్బులు ఎదురు నిలబడింది.

"ఏ ఊరు తండ్రీ మీది?"

"బాడంగి పక్క. తప్పుకోమ్మా, మాకూ కడుపులున్నాయి," అన్నాడు వాళ్ళ పెద్ద.

"ఉన్నాయి. గోడ కింద పడ్డ పిల్లకీ ఉండేది."

"ఏ పిల్ల?"

సుబ్బులు చెప్పింది. అతను తన మనుషుల కేసి తిరిగాడు. "మనిసి సచ్చిన సంగతి ఆ బాబు మనతోటి సెప్పేడేటి?" అతను మూట కింద పెట్టి దాని మీద కూర్చున్నాడు. వెనకవాళ్ళూ కూర్చున్నారు. తిరుగు టిక్కెట్టుకు వాళ్ళ దగ్గర ఏమీ లేదు. దేశియాలు కుండల్లో తెచ్చిన మాండియా అంబలి వాళ్ళకు పోశారు. పోలీసులు వచ్చి లేవమన్నారు. ఎవరూ లేవలేదు. ఇది రాస్తున్న పొద్దుకు వాళ్ళు అక్కడే ఉన్నారు.

ఈ సీమ మద్రాసులో ఉండాలా, కొత్త ఒరియా రాష్ట్రంలో కలవాలా అని పెద్దలు కొట్టుకుంటున్నారు. కొట్టుకోనివ్వండి. ఎటు కలిసినా ఈ జాబితా అటు మోసుకుపోతారు. మనమే ఇక్కడ చింపాలి.

కాబట్టి తాపీవాళ్ళారా, జాబితాలో చోటు అడగొద్దు. జాబితానే ఉండకూడదని అడగండి. పని ముఠా పేరునే ఇవ్వాలి, ఆ ముఠాలో తట్ట మోసే ఆడదాని పేరుతో సహా. లక్ష్మణను వదలాలి, అతని చోట బోనులో చంద్రశేఖరాన్ని నిలబెట్టాలి. ఇవి జరిగేదాకా దసమంతపూర్‌లో గాని, పొట్టంగిలో గాని, ఏ లాల్చీ కిందా ఒక్క రాయి లేవకూడదు. విద్యార్థులారా, అర్జీలు రాసిపెట్టడం ఆపి, మీ ఇంటి ముందు పని చేసే కూలీకి ఇది చదివి వినిపించండి. విన్న ప్రతివాడూ పని దిగి రాయగడ స్టేషనుకు నడవాలి. అక్కడ కూర్చున్నవాళ్ళను పోలీసులు లేపకముందే చేరాలి. ఇవాళే బయలుదేరండి.